బుకింగ్ ఆగకుండా డేటాబేస్ మార్చాం: నా అనుభవం

మా కంపెనీది బస్ టికెట్ల వ్యాపారం. ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ల సీట్ల బుకింగ్, డబ్బు చెల్లింపులు, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపించే ట్రాకింగ్, తెల్లారేసరికి ఓనర్లకు వెళ్లే లెక్కలు, అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. హైదరాబాద్ ఆఫీసులో ఆ డేటాబేస్‌లు చూసుకునేది మేం ఇద్దరం. 2024 జులైలో మొదలుపెట్టి డిసెంబరు దాకా వాటన్నిటినీ పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్లకు, పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చాం. బుకింగ్ మాత్రం ఎక్కడా ఆగకూడదన్నది పైవాళ్ల షరతు. ఇలాంటి పని నెత్తిన పడబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నా. ఏ కమాండ్ తర్వాత ఏ కమాండ్ కొట్టాలో చెప్పేవి చాలానే ఉన్నాయి. ఎంతసేపు కాచుకుని కూర్చోవాలో, ఏ రాత్రి నిద్ర ఉండదో మాత్రం ఎవరూ రాయరు.

అప్పుడు మా దగ్గరున్నది ఒక పెద్ద మిషన్, దానికి ఒక స్టాండ్‌బై, అంటే దాని నకలుతో సిద్ధంగా ఉండే ఇంకో మిషన్. ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 12. అందులో నాలుగు క్లస్టర్లు, అంటే విడివిడిగా నడిచే నాలుగు పోస్ట్‌గ్రెస్‌లు: 5432 పోర్టులో బుకింగ్, 5433లో పేమెంట్లు, 5434లో జీపీఎస్, 5435లో రిపోర్టులు. బుకింగ్ ఒక్కటే 2.8 టెరాబైట్లు, అందులో టికెట్ల చరిత్ర ఉండే టేబుల్ ఒక్కటే 900 జీబీ. జీపీఎస్ 1.4 టెరాబైట్లు. ఒక్కోదానికి సొంత డేటా డైరెక్టరీ, సొంత కాన్ఫిగ్ ఉన్నా నాలుగింటికీ డిస్కు మాత్రం ఒకటే. ఎప్పుడో కంపెనీ చిన్నగా ఉన్నప్పుడు ఖర్చు కలిసొస్తుందని పెట్టిన ఏర్పాటది. మా కష్టాల్లో సగం అక్కడి నుంచే వచ్చాయి.

మార్చక తప్పని పరిస్థితి. ఉబుంటు 18.04కి మామూలు సపోర్టు 2023 మేలోనే అయిపోయింది. పోస్ట్‌గ్రెస్ 12కి 2024 నవంబరుతో ఆఖరు. పేమెంట్ల ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఆ రెండింటి కింద ఎర్ర గీత గీసి వెళ్లారు. వెళ్లాల్సింది ఉబుంటు 22.04, పోస్ట్‌గ్రెస్ 16 అని తేల్చుకున్నాం. మేం పనిలో ఉండగానే సెప్టెంబరు 26న 17 వచ్చింది కానీ, వచ్చిన నెలలోనే ఎక్కించే ధైర్యం మాకు లేదు.

తేదీల లెక్క ఇంకో తలనొప్పి. దసరా సెలవుల్లో ఏదీ ముట్టుకోకూడదు. దీపావళి అక్టోబరు 31. ఆ వెంటనే కార్తీకమాసం, సోమవారాలకు శ్రీశైలం బస్సులు కిక్కిరిసిపోతాయి. నవంబరు సగం దాటితే సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ల వేట మొదలు. వీటన్నిటి మధ్యా దొరికిన ఖాళీల్లోనే మా పని జరగాలి.

"పీజీ అప్‌గ్రేడ్ లింక్ మోడ్‌లో కొడితే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది కదా, ఇంత తతంగం ఎందుకు?" అని మేనేజర్ మొదటి మీటింగ్‌లోనే అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. అది ఉన్న డేటా ఫైళ్లనే కాపీ చేయకుండా కొత్త వెర్షన్‌కు అప్పగించే పద్ధతి, వెర్షన్ ఒక్కటే మారితే అదే చేసేవాళ్లం. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతోంది. 18.04లో ఉన్న జీలిబ్‌సీ (అక్షరాలను వరుసలో పేర్చే నియమాలు ఉండే సిస్టమ్ లైబ్రరీ) 2.27. దాని తర్వాతి 2.28లో అక్షరాల వరుస క్రమమే మారిపోయింది. ఆయన ముందే టెర్మినల్ తెరిచి 1-1, 11 అనే రెండు ముక్కలను యూఎస్ ఇంగ్లిష్ లొకేల్‌లో సార్ట్ చేసి చూపించా. పాత మిషన్‌లో 11 ముందొచ్చింది, కొత్తదాంట్లో 1-1 ముందొచ్చింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను (వరుసలను త్వరగా వెతికిపెట్టే పట్టికను) ఫైళ్లకు ఫైళ్లుగా కొత్త మిషన్ మీదికి తెస్తే, ఉన్న టికెట్‌ను లేదంటుంది. ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూడాల్సిన యూనిక్ ఇండెక్స్ అయితే ఒకే పీఎన్ఆర్‌ను రెండుసార్లు రానిస్తుంది. ఎర్రర్ కూడా రాదు. ఆయన కాసేపు చూసి, "సరే, మీ పద్ధతిలోనే కానివ్వండి" అన్నారు. మా పద్ధతంటే లాజికల్ రెప్లికేషన్: కొత్త క్లస్టర్‌లో డేటాను మొదటినుంచీ లోడ్ చేసి, ఇండెక్స్‌లు అక్కడే కట్టి, ఈలోపు పాతదాంట్లో జరిగిన మార్పులను వెనకాలే పంపుతూ ఉండడం.

జులై అంతా లెక్కలు చూసుకోవడానికే సరిపోయింది. ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే కాలమ్) లేని టేబుళ్లు ఏవేవి ఉన్నాయో ముందు చూడండి. అలాంటి టేబుల్‌ను పబ్లికేషన్‌లో (కొత్తవైపు పంపాల్సిన టేబుళ్ల జాబితాలో) చేర్చిన క్షణం నుంచి పాత డేటాబేస్‌లోనే దాని మీద అప్‌డేట్లు, డిలీట్లు ఎర్రర్ కొడతాయి. అంటే కొత్తదాని కోసం చేసే ఏర్పాటు నడుస్తున్నదాన్ని ఆపుతుంది. మాకు టెస్ట్ సిస్టమ్‌లో సీటు రద్దు పనిచేయడం మానేసినప్పుడు ఈ సంగతి బయటపడింది. రద్దు వివరాల టేబుల్‌ను ఏళ్ల కిందట ఎవరో కీ లేకుండా వదిలేశారు. దానికి కన్‌కరెంట్లీ పద్ధతిలో, అంటే రాతలు ఆపకుండా, యూనిక్ ఇండెక్స్ కట్టి, దాన్నే రెప్లికా ఐడెంటిటీగా, అంటే వరుసల గుర్తుగా, పెట్టాం. ఆ కాలమ్ నాట్ నల్, అంటే ఖాళీ విలువ రానిది, అయి ఉండాలన్నది ఇంకో నిబంధన. పెద్ద టేబుల్ మీద నేరుగా నాట్ నల్ పెడితే మొత్తం టేబుల్ చదివేదాకా తాళం వేసి కూర్చుంటుంది. ముందు ఖాళీ ఉండకూడదన్న చెక్ కన్‌స్ట్రెయింట్‌ను నాట్ వాలిడ్‌గా (పాత వరుసలు చూడకుండా) వేసి, తీరిగ్గా వాలిడేట్ చేసి, ఆ తర్వాత నాట్ నల్ పెడితే పోస్ట్‌గ్రెస్ 12 నుంచి మళ్లీ చదవకుండా వెంటనే ఒప్పుకుంటుంది. ఇలాంటి ప్రతి కమాండ్‌కూ ముందు లాక్ టైమవుట్ రెండు సెకన్లు పెట్టుకున్నాం. తాళం దొరక్కపోతే మన కమాండే ఫెయిలవుతుంది తప్ప, మన వెనక వందల బుకింగ్‌లు క్యూ కట్టవు.

ఆగస్టు మొదటి వారంలో బుకింగ్ డేటాబేస్‌తో లోడింగ్ రిహార్సల్ చేశాం. స్టాండ్‌బై నుంచి డంప్ (డేటా మొత్తం నకలు) తీసి కొత్త మిషన్‌లో ఎనిమిది జాబ్‌లతో రిస్టోర్ పెట్టాం. ఇండెక్స్‌లు తీసేస్తే అసలు డేటా 1.7 టెరాబైట్లు. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి ఇంటికెళ్లేసరికి అయిపోతుందనుకున్నా. అర్ధరాత్రికి డేటా ఇంకా ఎక్కుతూనే ఉంది. సీపీయూ ఖాళీగా ఉంది, మెమరీ ఖాళీగా ఉంది. చూస్తే క్లౌడ్‌లో మేం తీసుకున్న డిస్కు సెకనుకు 125 మెగాబైట్లకు మించి ఇవ్వదు. పైగా డేటాతో పాటు వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్) కూడా అదే డిస్కు మీద పడుతున్నాయి, అంటే రాసేది దాదాపు రెట్టింపు. డబ్బు కడితే వేగం పెరుగుతుంది, మిషన్ ఆపక్కర్లేదు. అయితే అప్పట్లో ఒకసారి మార్చాక ఆరు గంటల దాకా ఆ డిస్కును మళ్లీ మార్చనిచ్చేది కాదు. ఈ ఆరు గంటల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

డేటా తర్వాత ఇండెక్స్‌ల వంతు. మెయింటెనెన్స్ వర్క్ మెమరీని 2 జీబీకి, మ్యాక్స్ వాల్ సైజ్‌ను 1 జీబీ నుంచి వంద జీబీకి పెంచాక చెక్‌పాయింట్ల (మెమరీలోని మార్పులను డిస్కుకు దించే పని) హడావుడి తగ్గింది. ఇండెక్స్ ఎంతవరకు వచ్చిందో చూపించే వ్యూ 12 నుంచే ఉంది, దాన్ని చూస్తూ కూర్చోవచ్చు. 99 శాతం దగ్గర చాలాసేపు నిలబడితే కంగారు పడకండి.

రిపోర్టుల క్లస్టర్ చిన్నది కాబట్టి ఆగస్టు మూడో వారంలో ముందు దాన్ని మార్చాం. దాని దగ్గర మాకు తెలిసొచ్చింది పాస్‌వర్డ్‌ల సంగతి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లు స్క్రామ్ అనే వేరే పద్ధతిలో దాచుకుంటుంది. యూజర్లను కొత్తగా సృష్టించేసరికి, ఎక్కడో మూలనున్న పాత జావా ప్రోగ్రామ్ "అథెంటికేషన్ టైప్ 10 సపోర్ట్ లేదు" అని మొరాయించింది. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే డ్రైవర్ జార్ మారిస్తే ఆ ఎర్రర్ పోయింది. కానీ ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషి కంపెనీలో లేడు, సోర్సు ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పట్టింది. పేమెంట్లు సెప్టెంబరు మొదట్లో పెద్ద కథ లేకుండా మారాయి.

అసలు కథ సెప్టెంబరు 16 సోమవారం మొదలైంది. బుకింగ్‌ను దసరాలోపే మార్చేయాలని పైనుంచి ఒత్తిడి. కొత్త క్లస్టర్‌లో సబ్‌స్క్రిప్షన్, అంటే పాతదాని మార్పులు అందుకునే ఏర్పాటు, క్రియేట్ చేసే కమాండ్ కొట్టా. ఎర్రర్ లేదు, ఫలితం లేదు, అలా నిలబడిపోయింది. దానికోసం పాత క్లస్టర్‌లో స్లాట్ (కొత్తది ఎక్కడిదాకా అందుకుందో గుర్తుంచుకునేది) తయారవ్వాలంటే, అప్పటికే ఏదైనా మార్పు చేసి ఇంకా ముగియని ట్రాన్సాక్షన్లన్నీ ముగియాలి. యాక్టివిటీ వ్యూలో చూస్తే పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒక సెషన్ "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని, అంటే మొదలుపెట్టిన పని ముగించకుండా, పడి ఉంది. ఐపీ పట్టుకుని వెతికితే ఫైనాన్స్‌లో ఒక పెద్దాయన ల్యాప్‌టాప్. ఫోన్ చేశా.

"సర్, మీ క్వెరీ విండో ఒకసారి క్లోజ్ చేస్తారా?"

"నేనేం చేయట్లేదమ్మా, ఊరికే తెరిచి పెట్టుకున్నా."

"అదే సర్, ఆ తెరిచి పెట్టిందే."

ఆయన క్లోజ్ చేసిన మరుక్షణం స్లాట్ తయారైంది. ఆ సాయంత్రమే ఐడిల్ ట్రాన్సాక్షన్ టైమవుట్ పది నిమిషాలు పెట్టేశాం. ఇది మొదటిరోజే పెట్టుకోండి.

కాపీ మొదలైంది. టేబుల్‌కు ఒక వర్కరే పనిచేస్తాడు కాబట్టి చిన్నవి టకటకా అయిపోయాయి, 900 జీబీ టేబుల్ మాత్రం మెల్లగా సాగుతోంది. ఇక్కడ స్లాట్ సంగతి చెప్పాలి. ఊరెళ్తూ పక్కింటివాళ్లను పాల ప్యాకెట్లు తీసి పెట్టమన్నట్టు, కొత్త క్లస్టర్ వచ్చి తీసుకునేదాకా పాత క్లస్టర్ ప్రతి వాల్ ఫైలునూ దాచిపెడుతుంది. 13లో అయితే ఇంతకుమించి దాచొద్దని హద్దు పెట్టొచ్చు. 12లో ఆ హద్దు లేదు, డిస్కు నిండేదాకా దాస్తూనే ఉంటుంది. మామూలు వేళల్లో గంటకు 15 జీబీ, సాయంత్రం బుకింగ్‌ల జోరులో 40 దాకా పేరుకుంటోంది. డిస్కులో ఖాళీ ఉంది, సరిపోతుందని లెక్క వేసుకున్నాం.

మా లెక్కలో లేనిది జీపీఎస్ క్లస్టర్. నెల మధ్యలో ఒక రాత్రి పాత లొకేషన్ వివరాలను ఆర్కైవ్ టేబుల్‌లోకి గుమ్మరించే జాబ్ ఒకటుందని, అది ట్రాకింగ్ టీమ్ వాళ్ల క్రాన్‌లో (టైమ్ ప్రకారం నడిచే పనుల జాబితాలో) ఉందని మాకెవరూ చెప్పలేదు. అది వేరే క్లస్టర్, వేరే పోర్టు, దాని వాల్ వేరు. కానీ డిస్కు ఒకటే కదా. రాత్రి ఒంటిగంటకు అలారం: 80 శాతం. నలభై నిమిషాల తర్వాత 91. డిస్కు నిండితే ఆగేది జీపీఎస్ ఒక్కటే కాదు, దాని మీదున్న ప్రతి క్లస్టరూ ఆగుతుంది, బుకింగ్‌తో సహా. రోడ్ల మీద వందల బస్సులున్న వేళ అది.

డిస్కు పెంచుదామని వెళ్తే క్లౌడ్ స్క్రీన్ మీద బటన్ బూడిద రంగులో ఉంది. కాపీ వేగంగా సాగాలని ఆ రాత్రి తొమ్మిదింటికే వేగం పెంచాం. ఆరు గంటలు, అంటే మూడింటి దాకా ఆ డిస్కును ముట్టుకోలేం. నా పక్కన కుర్రాడు "అక్కా, స్లాట్ డ్రాప్ చేసేద్దామా?" అన్నాడు. అది చేస్తే అప్పటిదాకా ఎక్కిన కాపీ అంతా వృథా. అదృష్టం కొద్దీ ఆ డిస్కు మీద యాభై జీబీ ఖాళీ ఫైలొకటి ఉంది. మాకు ముందు ఈ సీట్లో పనిచేసిన ఆయన ఇలాంటి రాత్రి కోసమే పెట్టి వెళ్లాడు. దాన్ని తీసేశాం. ట్రాకింగ్ టీమ్ లీడ్‌ను నిద్రలేపి ఆర్కైవ్ జాబ్ ఆపించాం. 93 దగ్గర అంకె కదలడం మానేసింది. మూడు గంటల ఐదు నిమిషాలకు డిస్కుకు ఒక టెరాబైటు కలిపి, ఫైల్ సిస్టమ్‌ను నడుస్తుండగానే పెంచాం. అది పది సెకన్ల పని.

తెల్లారాక కూర్చుని మాట్లాడుకుంటే తేలింది ఏమిటంటే, బుకింగ్ కంటే ముందు జీపీఎస్‌ను ఆ డిస్కు మీదనుంచి దించాలి. మేనేజర్ పైవాళ్లతో మాట్లాడి బుకింగ్‌ను దీపావళి తర్వాతకు జరిపారు. స్లాట్ డ్రాప్ చేశాం. అప్పటిదాకా చేసిన కాపీ పోయినందుకు బాధేసింది కానీ, పొద్దున పది గంటలకు ఇంటికెళ్లి పడుకున్నప్పుడు ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

జీపీఎస్ సెప్టెంబరు ఆఖరు వారంలో మారింది. దాంట్లో ఒక లాభం కలిసొచ్చింది. లొకేషన్ టేబుల్‌లో ఐడీ కాలమ్ ఇంటీజర్, 214 కోట్ల చిల్లర దగ్గర దాని హద్దు. మేం అప్పటికే 180 కోట్లు దాటేశాం. నడుస్తున్న టేబుల్‌లో దాన్ని బిగ్‌ఇంట్‌గా మార్చాలంటే మొత్తం టేబుల్ తిరగరాయాలి, అంతసేపూ తాళమే. లాజికల్ రెప్లికేషన్‌లో రెండువైపులా కాలమ్ రకం ఒకటే ఉండక్కర్లేదు, ఇక్కడి విలువ అక్కడి రకంలో పడితే చాలు. కొత్త క్లస్టర్‌లో టేబుల్‌ను బిగ్‌ఇంట్‌తోనే సృష్టించాం. ఏడాదిగా వాయిదా వేస్తున్న పని ఉచితంగా అయిపోయింది.

దసరా రద్దీ దాటాక అక్టోబరు 21న బుకింగ్ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పెద్ద టేబుల్‌ను ఒక్క వర్కర్‌కు వదల్లేదు. ఒక సెషన్‌లో స్లాట్ తయారుచేసి స్నాప్‌షాట్ (ఆ క్షణాన డేటా ఎలా ఉందో ఆ దృశ్యం) ఎక్స్‌పోర్ట్ చేయించి, ఆ సెషన్‌ను తెరిచే ఉంచాం. ఎనిమిది వేరే సెషన్లు అదే స్నాప్‌షాట్‌ను పట్టుకుని, ఐడీల శ్రేణి పంచుకుని, తలా ఒక ముక్క కాపీ చేశాయి. అన్ని సెషన్లూ స్నాప్‌షాట్ అందుకునేదాకా మొదటి సెషన్ తెగకూడదు, అందుకని సర్వర్ మీదే టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా సెషన్‌ను బతికించే టూల్‌లో) నడపండి, ల్యాప్‌టాప్ వైఫైని నమ్మకండి. రిహార్సల్‌లో ఒక్క వర్కర్‌తో పదకొండు గంటలు తీసుకున్న టేబుల్ ఇలా నాలుగు గంటల లోపే ఎక్కింది. తర్వాత ఇండెక్స్‌లు కట్టాం. అవి కట్టడం అయ్యాకే, కాపీ వద్దు, ఉన్న స్లాట్‌నే వాడు అని చెప్పి సబ్‌స్క్రిప్షన్ ఆన్ చేశాం. ముందే ఆన్ చేసి ఉంటే మామూలు ఇండెక్స్ తాళానికి, వచ్చే మార్పులకు మధ్య కొట్లాటే.

మర్నాడు అప్లికేషన్ టీమ్ నుంచి ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, కొత్త డీబీలో కూడా ఎస్ఎమ్ఎస్ ట్రిగ్గర్ ఉంది కదా, ప్యాసింజర్లకు రెండేసి మెసేజ్‌లు వెళ్తాయా?" మంచి ప్రశ్న. వెళ్లవు. రెప్లికేషన్ ద్వారా వచ్చే మార్పులను రాసే వర్కర్ రెప్లికా మోడ్‌లో నడుస్తుంది, మామూలు ట్రిగ్గర్లు (వరుస మారగానే తమంతట తాము నడిచే కోడ్) మోగవు, ఫారిన్ కీ (టేబుళ్ల మధ్య లింకుల) తనిఖీలు కూడా జరగవు. అయినా ఆమె కళ్ల ముందే నేను ఒక టెస్ట్ టికెట్ కొట్టి, నా ఫోన్‌కు ఒకే మెసేజ్ రావడం చూపించాక గానీ ఆమె మొహం తేరుకోలేదు.

కొత్తది పాతదాన్ని అందుకోవడానికి దాదాపు ఒకరోజు పట్టింది. ఆ తర్వాత రెండు వారాలు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఈ రెండు వారాలూ టేబుళ్ల నిర్మాణం మార్చొద్దని అందరికీ మెయిల్ పెట్టాం, ఎందుకంటే ఆ మార్పులు రెప్లికేషన్‌లో వెళ్లవు. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒక కాలమ్ కలిపారు. కొత్తవైపు "ఆ కాలమ్ లేదు" అని రెప్లికేషన్ ఆగిపోయింది, ఇటు వాల్ పేరుకోవడం మొదలైంది. కొత్తవైపు కూడా అదే కాలమ్ కలిపేసరికి ఆగినచోటు నుంచి తనంతట తానే సాగింది. అలారం పెట్టుకోకపోతే శనాదివారాలు ఎవరూ చూసేవాళ్లు కాదు.

సరిపోల్చి చూడడం ఇంకో ఘట్టం. రోజువారీగా వరుసలు లెక్కపెట్టి, ప్రతి ముక్కకూ ఎండీ5 (డేటాకు వేలిముద్రలాంటి కోడ్) తీసి రెండువైపులా పోల్చాం. మొదటి రిపోర్టులో సగం ముక్కలు సరిపోలేదు. కాళ్లు చల్లబడ్డాయి. తీరా చూస్తే స్క్రిప్టు వరుసలను పీఎన్ఆర్ నంబరు ప్రకారం పేర్చి ఎండీ5 తీస్తోంది. పీఎన్ఆర్‌లో గీతలున్నాయి. జులైలో మేనేజర్‌కు చూపించిన 1-1, 11 తేడానే ఇది. డేటా ఒకటే, పేర్చే క్రమం వేరు. ఐడీ ప్రకారం పేరిస్తే అన్నీ సరిపోయాయి.

నవంబరు 6, బుధవారం తెల్లవారుజామున మార్పిడి పెట్టుకున్నాం. మూడింటికి మాకు బుకింగ్‌లు తక్కువ, ఎక్కువమంది బస్సుల్లో నిద్రలో ఉంటారు. అప్లికేషన్లన్నీ డేటాబేస్ దగ్గరికి పీజీబౌన్సర్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్ గుండానే వస్తాయి. దానికి పాజ్ అని చెప్తే నడుస్తున్న ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఆగి, కొత్తగా వచ్చినవాటిని వరుసలో నిలబెడుతుంది. కనెక్షన్ తెగదు, ఎర్రర్ రాదు, స్క్రీన్ మీద చక్రం కాసేపు ఎక్కువ తిరుగుతుందంతే. జీరో డౌన్‌టైమ్ అని మీటింగుల్లో చెప్పేది లోపల ఇలాగే ఉంటుంది. మా యాప్ 30 సెకన్లు ఓపిక పడుతుంది, కాబట్టి మా దగ్గరున్న టైమ్ అదే. పది సెకన్లలో పాజ్ పూర్తికాకపోతే వెంటనే రెజ్యూమ్ కొట్టి వెనక్కి రావాలని ముందే రాసుకున్నాం.

3:12కి రెండు పీజీబౌన్సర్లకూ ఒకేసారి పాజ్ కొట్టాం. ఒకటి ఆగింది, రెండోది ఆగలేదు. ఎవరిదో పెద్ద ఎక్స్‌పోర్ట్ అందులో నడుస్తోంది. పది సెకన్లు లెక్కపెట్టి రెజ్యూమ్. ఆ ఎక్స్‌పోర్ట్‌ను ఆపాం. గదిలో ఎవరూ మాట్లాడలేదు, ఏసీ చప్పుడు తప్ప. 3:20కి మళ్లీ పాజ్, ఈసారి రెండూ ఆగాయి. ఇక ముందే రాసిపెట్టిన స్క్రిప్టు: పాత క్లస్టర్‌లో అప్లికేషన్ యూజర్లకు లాగిన్ తీసేయడం, అక్కడి ఆఖరి వాల్ స్థానం కొత్తవైపు చేరిందో లేదో చూడడం, సీక్వెన్స్‌లను (కొత్త ఐడీ నంబర్లు ఇచ్చే కౌంటర్లను) సరిచేయడం, ముందువైపు సబ్‌స్క్రిప్షన్ ఆపి కొత్తదాన్నుంచి పాతదానికి ఎదురు సబ్‌స్క్రిప్షన్ పెట్టడం, పీజీబౌన్సర్‌లో హోస్ట్ మార్చి రీలోడ్, రెజ్యూమ్. మొత్తం 19 సెకన్లు. సీక్వెన్స్‌లు రెప్లికేషన్‌లో రావని మర్చిపోకండి. మేం ప్రతిదాన్నీ పాత విలువకు లక్ష కలిపి పెట్టాం. లేకపోతే మొదటి టికెట్‌కే డూప్లికేట్ కీ ఎర్రర్ వచ్చేది.

మొదటి బుకింగ్ కొత్త క్లస్టర్‌లో పడింది, విజయవాడ నుంచి బెంగళూరుకు, స్లీపర్, పై బెర్త్. కుర్రాడు కుర్చీలోంచి లేచి "వచ్చిందక్కా!" అని అరిచాడు. క్వెరీకి దారి ఎంచుకోవడానికి వాడే స్టాటిస్టిక్స్ కూడా రెప్లికేషన్‌లో రావు కాబట్టి ముందురోజే అనలైజ్ నడిపి ఉంచాం, ఎక్కువ వాడే టేబుళ్లను పీజీ ప్రీవార్మ్‌తో మెమరీలోకి లాగి ఉంచాం. అందుకే పొద్దున ఏడింటి రద్దీకి కూడా పెద్దగా కదలిక లేదు. ఆరున్నరకు బ్యాకప్ సంగతి చూసుకున్నాం. కొత్త క్లస్టర్ అంటే మా బ్యాకప్ టూల్ పీజీబ్యాక్‌రెస్ట్‌కు పూర్తిగా కొత్త మనిషే, కొత్త స్టాంజా (ఆ క్లస్టర్‌కు బ్యాకప్ ఖాతా లాంటిది), కొత్త ఫుల్ బ్యాకప్. అది పూర్తయ్యేదాకా ఎవరినీ ఇంటికి పంపలేదు.

తొమ్మిదింటికి కస్టమర్ కేర్ నుంచి ఫోన్, రీఫండ్‌లు కొన్ని వెళ్లట్లేదని. ఎక్కడో ఒక పాత మిషన్‌లో ఉన్న స్క్రిప్టు పీజీబౌన్సర్‌తో సంబంధం లేకుండా పాత ఐపీకే నేరుగా వెళ్తోంది. లాగిన్ తీసేశాం కాబట్టి ఫెయిలైంది, లేకపోతే ఎవరికీ తెలియకుండా పాత డేటాబేస్‌లో రాస్తూ పోయేది. స్క్రిప్టులో అడ్రస్ మార్చి, ఆగిన రీఫండ్‌లను మళ్లీ నడిపించాం. మధ్యాహ్నానికి సర్దుకుంది.

ఖర్చు విషయానికొస్తే, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పాత, కొత్త రెండు సెట్లకూ బిల్లు కట్టాం, అదనంగా నెలకు మూడున్నర లక్షల దాకా. డేటా ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు వెళ్లినందుకు ఎంత బాదుతారో అని మేనేజర్ భయపడ్డారు గానీ అది రిహార్సల్స్‌తో కలిపి పది వేలు కూడా దాటలేదు. అసలు ఖర్చు డిస్కు వేగానిది. పని అయ్యాక దాన్ని మళ్లీ తగ్గించమని క్యాలెండర్‌లో రాసుకోండి, తనంతట తాను తగ్గదు.

ఎదురు సబ్‌స్క్రిప్షన్‌ను నవంబరు 22 దాకా ఉంచాం, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి. ఆ మధ్యలోనే నవంబరు 14న పోస్ట్‌గ్రెస్ చిన్న అప్‌డేట్లు వచ్చాయి, మాకైతే 16.5. మేం 16.4 మీద ఉన్నాం. పాతదీ కొత్తదీ కట్టేసి ఉన్నంతకాలం ఏదీ ముట్టుకోవద్దన్నది మా ఒప్పందం కాబట్టి వేయలేదు. కొన్ని ఎక్స్‌టెన్షన్లకు దానితో ఇబ్బంది రావడంతో సరిగ్గా వారానికి, నవంబరు 21న 16.6 వచ్చింది. అదేరోజు 12.22 కూడా వచ్చింది, పోస్ట్‌గ్రెస్ 12కి అదే ఆఖరుది. మేం దాన్ని వేయాల్సిన అవసరం రాలేదు.

22న ఎదురు సబ్‌స్క్రిప్షన్ తీసేసి, దాని స్లాట్ కూడా పోయిందని కొత్తవైపు చూసుకున్నాం. ఆ తర్వాతి వారం స్టాండ్‌బైల మీద ముందు, ప్రైమరీల మీద తర్వాత 16.6 ఎక్కించాం. పాత క్లస్టర్లను డిసెంబరు మొదటి వారంలో ఆపి, మరో రెండు వారాలు చూసి, ఆఖరి బ్యాకప్ పక్కన పెట్టి డ్రాప్ చేశాం. ఇప్పుడు నాలుగు క్లస్టర్లకూ నాలుగు వేరు డిస్కులు, ప్రతిదాంట్లో స్లాట్‌కు వాల్ హద్దు 200 జీబీ, ఒక్కో యాభై జీబీ ఖాళీ ఫైలు. ట్రాకింగ్ టీమ్ ఆర్కైవ్ జాబ్‌ను మా క్యాలెండర్‌లోకి తెచ్చుకున్నాం. సంక్రాంతి టికెట్లు కొత్తవాటి మీదే అమ్ముడవుతున్నాయి.